పొందూరు ఖద్దరూ, నా తొమ్మిది ఎక్స్‌టెన్షన్లూ

నా చదువంతా ఇంగ్లీష్ మీడియమే. తెలుగు టైపింగ్ ఈ క్లబ్‌లో చేరాకే నేర్చుకున్నాను. కాబట్టి భాషలో తప్పులుంటే సర్దుకోండి. విషయం మాత్రం నాకు బాగానే తెలుసు, ఎందుకంటే దీంట్లో దెబ్బ తిన్నవాణ్ణి.

మా మావయ్యకి పొందూరులో చిన్న ఖద్దరు కొట్టు ఉంది. పోయిన వేసవి సెలవుల్లో ఆయన కోసం ఒక వెబ్‌సైట్ చేశాను. ఫొటోలు అదిరిపోయాయి. చుట్టాలందరూ వాట్సాప్‌లో మెచ్చుకున్నారు. కానీ గూగుల్‌లో ‘పొందూరు ఖద్దరు’ అని కొడితే మా సైట్ ఐదో పేజీలో కూడా లేదు. “ఏటల్లుడూ, కొట్టు తెరిసినావు గానీ దారి ఎయ్యలేదేటి?” అన్నాడు మావయ్య.

ఆ దారి వేసే పనినే ఎస్‌ఈఓ అంటారు, అంటే సెర్చ్ ఇంజిన్ ఆప్టిమైజేషన్. యూట్యూబ్ చూసి ఒక్క రాత్రిలో నా క్రోమ్‌కి తొమ్మిది ఎస్‌ఈఓ ఎక్స్‌టెన్షన్లు తగిలించాను. వాటివల్ల మంచీ జరిగింది, చెడూ జరిగింది. రెండూ చెప్తాను.

మంచి ఏంటంటే

ఎక్స్‌టెన్షన్ అంటే బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాం. ఎస్‌ఈఓ ఎక్స్‌టెన్షన్లు ముఖ్యంగా రెండు రకాలు. ఎస్‌ఈఓక్వేక్, డిటైల్డ్ లాంటివి మనం తెరిచిన పేజీ వెనకున్న కోడ్ చదివి టైటిల్, హెడ్డింగులు, లింకులు ఒకేచోట చూపిస్తాయి. మోజ్‌బార్, కీవర్డ్స్ ఎవ్రీవేర్ లాంటివి తమ సర్వర్ల నుంచి అంకెలు తెచ్చి చూపిస్తాయి.

మొదటి రకం నాకు నిజంగా ఉపయోగపడింది. ఒక్క క్లిక్‌లో నా తప్పులన్నీ బయటపడ్డాయి. అన్ని పేజీలకీ టైటిల్ ‘హోమ్’ అనే ఉంది. ఒక్క ఫొటోకి కూడా ఆల్ట్ టెక్స్ట్, అంటే అది దేని బొమ్మో చెప్పే మాట, లేదు. అన్నిటికంటే పెద్ద తప్పు, ఖద్దరు గురించి చెప్పాల్సిందంతా ఒక పోస్టర్ బొమ్మలో పెట్టేశాను. బొమ్మలోని అక్షరాలు, పేజీలో రాసిన మాటలు గూగుల్‌కి సమానం కావు.

ఇక స్పీడ్. క్రోమ్‌లోనే ఉన్న లైట్‌హౌస్‌తో చూస్తే పేజీలో పెద్ద ఫొటో కనిపించడానికి తొమ్మిది సెకన్లు పడుతోంది. గూగుల్ లెక్కలో అది 2.5 సెకన్లలోపు ఉంటేనే మంచిది. ఫొటోల సైజు తగ్గించాను. పోస్టర్ తీసేసి మావయ్యని కూర్చోబెట్టి అడిగి రాశాను. పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారని, నూలు చేత్తోనే వడుకుతారని. కొనేవాళ్లు వెతికేది ఇవే కదా! కొన్ని వారాలకి సైట్ రెండో పేజీలోకి వచ్చింది. ఎక్స్‌టెన్షన్ తప్పు చూపించింది, అంతే. దిద్దింది మావయ్య మాటలు.

అంకెల మాయ

రెండో రకంతో జాగ్రత్త. అవి చూపించే ‘డొమైన్ అథారిటీ’ లాంటి స్కోర్లు ఆయా కంపెనీలు కట్టుకున్న లెక్కలు. గూగుల్‌వి కావు. నేనైతే ఆ స్కోరు పెంచడానికి వారం తగలేశాను.

ఇది కొత్త జబ్బు కాదు. 2000లోనే గూగుల్ తన టూల్‌బార్‌లో ప్రతి పేజీకి పేజ్‌ర్యాంక్ చూపించేది. ఆ పచ్చగీత కోసం జనం లింకులు కొనడం, అమ్మడం మొదలెట్టారు. చివరికి 2016లో గూగుల్ దాన్ని బయటికి చూపించడమే మానేసింది. ర్యాంకింగ్‌కి మెటా కీవర్డ్స్ వాడమని గూగుల్ 2009లోనే చెప్పింది. అయినా నా తొమ్మిదిలో ఒకటి, అవి లేవని ఎర్రమార్కు వేసింది.

తెలుగు సైట్‌కి ఇంకో తిప్పలు. టైటిల్ 60 అక్షరాలు దాటకూడదని ఇవి గోల చేస్తాయి. కానీ ఇవి లెక్కపెట్టేది యూనికోడ్ గుర్తులని. మనకి ‘శ్రీ’ ఒక్క అక్షరం. కంప్యూటర్‌కి శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, మొత్తం నాలుగు. ‘శ్రీకాకుళం’ మనకి నాలుగు, దానికి పది. అదే మాట వెబ్ అడ్రస్‌లో కోడ్‌గా మారితే 90 క్యారెక్టర్లు! అప్పుడు ‘అడ్రస్ మరీ పొడవు’ అని ఇంకో ఎర్రమార్కు. నేను భయపడి తెలుగు టైటిళ్లన్నీ ఇంగ్లీష్‌లోకి మార్చేశాను. తర్వాత తెలిసింది, గూగుల్ ఫలితాల్లో టైటిల్ ఎక్కడ తెగాలో నిర్ణయించేది తెరమీద అది ఆక్రమించే వెడల్పు. మళ్లీ తెలుగులో పెట్టాను.

చెడు ఏంటంటే

కొట్టు కంప్యూటర్లో సైట్ చూపిద్దామని అక్కడి క్రోమ్‌లో నా అకౌంట్‌తో లాగిన్ అయ్యాను. సింక్ ఆన్‌లో ఉంది. తొమ్మిది ఎక్స్‌టెన్షన్లూ చడీచప్పుడు లేకుండా అక్కడికీ వచ్చేశాయి. నేను విజయనగరం రైలెక్కి వచ్చేశాను.

నెల తర్వాత మావయ్య ఫోన్. “అల్లుడూ, గూగుల్ల ఒకటి కొడితే ఇంకోటి వస్తంది. ఏటో యాడ్లు.” ఆదివారం ప్యాసింజర్ పట్టుకుని వెళ్లి చూశాను. తొమ్మిదిలో ఒకటి అప్‌డేట్ అయ్యాక వెతుకులాటని వేరే సైట్లమీదుగా తిప్పుతోంది. పేరు చెప్పను, అది అసలు విషయం కాదు. అసలు విషయం దాన్ని తగిలించినప్పుడు నేను చదవకుండా ఓకే కొట్టిన ఒక్క లైను: ‘అన్ని వెబ్‌సైట్లలోని మీ డేటా మొత్తాన్ని చదవగలదు, మార్చగలదు.’

అదే బ్రౌజర్లో మావయ్య కొట్టు మెయిల్ చూస్తాడు, కస్టమర్ల అడ్రసులు చూస్తాడు, బ్యాంకు పని చేస్తాడు. ఆయన ఒక్కటే అడిగాడు. “మన బ్యాంకు పేజీ కూడా సూసిందేటి?” చూడగలదు అన్నాను. చూసిందా లేదా అంటే నా దగ్గర జవాబు లేదు. పాస్‌వర్డులన్నీ మార్చాం. డబ్బేం పోలేదు. కానీ మావయ్య ఇప్పుడు ఆన్‌లైన్‌లో బ్యాంకు పని చెయ్యడు. పని మానుకుని బ్రాంచ్‌కి వెళ్లి లైన్లో నిలబడతాడు. అది నా వల్లే.

ఇలాంటివి పెద్దపెద్దవే జరిగాయి. 2019లో శామ్ జడాలీ అనే పరిశోధకుడు ఎనిమిది ఎక్స్‌టెన్షన్లు 41 లక్షల మంది దాకా జనం చూసే పేజీల వివరాలు బయటికి పంపుతున్నాయని పట్టుకున్నాడు. ఆ డేటా చేరింది ఎక్కడికో తెలుసా? ఏ సైట్‌లో జనం ఏం చూస్తున్నారో చూపిస్తామని మార్కెటింగ్ వాళ్లకి అమ్మే ఒక సర్వీసుకి. అంటే ఎస్‌ఈఓ చేసేవాళ్ల ఆశే ఆ దొంగసరుకుకి గిరాకీ.

‘ద గ్రేట్ సస్పెండర్’ని 20 లక్షల మందికి పైగా వాడేవాళ్లు. 2020లో చేసినవాడు దాన్ని వేరేవాళ్లకి అప్పజెప్పాడు. 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని మాల్‌వేర్ అని తీసేసింది. 2024 క్రిస్మస్ సమయంలో సైబర్‌హేవెన్ కంపెనీ ఉద్యోగి ఒకరు ఫిషింగ్ మెయిల్‌కి మోసపోతే, దొంగలు ఆ కంపెనీ ఎక్స్‌టెన్షన్‌లోనే కల్తీ వెర్షన్ పెట్టేశారు. దాని యూజర్లు దాదాపు 4 లక్షల మంది. ఆ కంపెనీ వ్యాపారమేంటంటే డేటా బయటికి పోకుండా కాపాడటం!

చూశారా, మొదట మంచిదే కావచ్చు. చేతులు మారొచ్చు, దొంగలు దూరొచ్చు. అప్‌డేట్ దానంతటదే వచ్చేస్తుంది. మనం ఇచ్చిన అనుమతి మాత్రం అలాగే ఉంటుంది.

మరి వాడొద్దా?

వాడండి. నేనూ వాడుతున్నాను, ఇలా:

ఎస్‌ఈఓ పనికి క్రోమ్‌లో వేరే ప్రొఫైల్. ఎక్స్‌టెన్షన్లన్నీ అందులోనే. అక్కడ మెయిల్, బ్యాంకు, కాలేజీ పోర్టల్ ఏదీ తెరవను.

ఎక్స్‌టెన్షన్ వివరాల్లో సైట్ యాక్సెస్‌ని ‘క్లిక్ చేసినప్పుడు మాత్రమే’ అని పెడతాను. పనైపోతే తీసేస్తాను. తొమ్మిది కాదు, ఒక్కటి చాలు.

అసలు ముందు లైట్‌హౌస్, గూగుల్ సెర్చ్ కన్సోల్ చూస్తాను. రెండూ ఉచితం. జనం నిజంగా ఏ మాటలు కొట్టినప్పుడు మన సైట్ కనిపించిందో సెర్చ్ కన్సోల్ గూగుల్ సొంత లెక్కలతోనే చెప్తుంది.

వేరేవాళ్ల కంప్యూటర్లో నా అకౌంట్‌తో బ్రౌజర్ లాగిన్ అవ్వను. ఇది చాలా ముఖ్యం.

ఇది చదివాక ఒక్క నిమిషం మీ బ్రౌజర్లో ఎక్స్‌టెన్షన్ల పేజీ తెరిచి లెక్కపెట్టండి. ఎప్పుడు పెట్టారో గుర్తులేనిది ఒక్కటైనా ఉంటుంది. ముందు దాన్ని తీసేయండి. ఆ తర్వాత మీ ఇంట్లో మీరు సెట్ చేసిచ్చిన కంప్యూటర్ కూడా చూడండి. వాళ్లు మనల్ని నమ్మి ఓకే కొట్టినవాళ్లు.