కాఫీ పొగపద్దు



ఉదయముననే చేతికందుకొను కాఫీలోటానుండి లేచు ఆవిరి కంటికి కనబడును. ఆ కాఫీ తోటనుండి మన యింటికి చేరునంతలో గాలిలో కలిసిన వాయువులు మాత్రము కనబడవు. కనబడని ఖర్చును ఎవరును తమ పేర వ్రాసికొనరు. ఈ పద్దు ఎవరి పేర వ్రాయవలెను అనునదే నేటి ప్రసంగ విషయము.

మొదట ఈ వాయువులు ఎచ్చటెచ్చట పుట్టునో చూతము. కాఫీతోటకై అడవిని నరికి కాల్చినచో, చెట్లలోను నేలలోను చిరకాలముగా నిలువయున్న కర్బనము బొగ్గుపులుసుగాలియై ఆకాశమున కెక్కును. తోటకు నత్రజని యెరువు మిక్కుటముగా వేసినచో, అందు కొంతభాగమును నేలలోని సూక్ష్మజీవులు నైట్రస్ ఆక్సైడు అను వాయువుగా మార్చును. నూరేండ్ల కాలమునకు లెక్కించినచో, ఇది అంతే తూకముగల బొగ్గుపులుసుగాలికంటె సుమారు 273 రెట్లు ఎక్కువ వేడిని కలిగించును. పండ్ల గుజ్జును కడిగిన నీరు గుంటలలో గాలి తగులక మురిగినచో మీథేను పుట్టును. పిమ్మట గింజలు వేయించుటకు ఇంధనము, ఓడకు చమురు, నీరు కాచుటకు మంట, కలుపుకొను పాలకై పశువులు, ఇవన్నియు ఆ పద్దులోనివే.

2020వ సంవత్సరమున లండనులోని యూనివర్సిటీ కాలేజి పరిశోధకులు, బ్రెజిలు, వియత్నాము దేశములనుండి బ్రిటనునకు పోవు అరబికా కాఫీని గూర్చి ఒక గణనమును ప్రకటించిరి. సాధారణ పద్ధతిచొప్పున పండించి పంపిన కిలో పచ్చిగింజలకు సగటున 15.33 కిలోల బొగ్గుపులుసుగాలికి సమానమైన వాయువులు వెడలునని వారు తేల్చిరి. రసాయనములను తగ్గించి, విమానమునకు మారుగా ఓడలో పంపినచో అది 3.51 కిలోలకు దిగును. కాఫీ అధికభాగము ఓడలలోనే పోవును గావున, ఇంత భేదము ప్రతి గింజకును వర్తింపదు. ఐనను ఒక సంగతి స్పష్టము. గింజ యొక్కటే అయినను, మనుష్యుల నిర్ణయములనుబట్టి పద్దు పెరుగును, తరుగును. కావున నిర్ణయించువారే లెక్క చెప్పవలసినవారు.

వర్తకసంస్థల లెక్కలకై 2001లో వెలువడిన గ్రీన్‌హౌస్ గ్యాస్ ప్రోటోకాల్ అను పద్ధతి మూడు పద్దుల నేర్పరచినది. తమ పొయ్యిలలోను బండ్లలోను కాల్చిన ఇంధనము మొదటిది. కొనిన విద్యుత్తు రెండవది. తోట మొదలు త్రాగువాని వంటయింటివరకు గల తక్కినదంతయు మూడవది. కాఫీ వ్యాపారమున భారములో అధికభాగము ఈ మూడవ పద్దుననే యున్నది. ‘మా కర్మాగారము సూర్యరశ్మితో నడచుచున్నది’ అని చాటు సంస్థ అసత్యము పలుకకపోవచ్చును. కాని అది ఆవర్జాలో మిక్కిలి చిన్న పుటను మాత్రమే చదివి వినిపించుచున్నది. అప్పులు దాచి రొక్కము చూపు షావుకారును మనము నమ్ముదుమా?

ప్రభుత్వములును ఈ విషయమున మేలుకొనుచున్నవి. 2020 డిసెంబరు 31 తరువాత అడవి నరికిన భూమిలో పండిన కాఫీ తమ విపణిలో అడుగుపెట్టరాదని ఐరోపా సమాఖ్య 2023లో శాసనము చేసినది. ప్రతి తోటయొక్క అక్షాంశ రేఖాంశములను చూపవలెనని అందలి నియమము. 2024 డిసెంబరునకు నిర్ణయించిన అమలును రెండుమారులు వాయిదా వేసిరి. ఈ శాసనము అడవిని గూర్చి అడుగునే గాని, వెడలిన వాయువుల తూకము నడుగదు.

ఇక మన కొండలకు వత్తము. అల్లూరి సీతారామరాజు జిల్లాయందు అరకు, పాడేరు ప్రాంతముల ఆదివాసి రైతులు సిల్వరుఓకు మున్నగు చెట్ల నీడలో కాఫీ పండించి, ఆ చెట్లకే మిరియపుతీగెలు ప్రాకించుచున్నారు. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ నీడచెట్లు కర్బనమును తమలో నిలువచేయును. రాలిన ఆకులు నేలకు బలమిచ్చును. లెక్క తెలిసినవారు దీనిని జమకట్టవలెను. కాని రేఖాంశముల కొలత, పత్రములు, తనిఖీలు అను ఖర్చు రైతు గడపకు వచ్చునంత సులభముగా ఈ జమ అతని చేతికి వచ్చుట లేదు. ఎకరము, రెండెకరముల సాగుదారు ఆ వ్యయమును ఎట్లు భరించును?

భూమి వేడెక్కినచో మొదట నష్టపడువాడును అతడే. అరబికా మొక్కకు ఏటి సగటున 18 మొదలు 22 డిగ్రీలవరకు గల వాతావరణము హితము. 2050 నాటికి కాఫీకి అనువైన భూమి లోకమున ఇంచుమించు సగము తగ్గవచ్చునని 2015లో ప్రకటితమైన ఒక పరిశోధన హెచ్చరించినది. పొగ తక్కువగా పుట్టించినవాడు పంట కోల్పోవుటయు, ఎక్కువగా పుట్టించినవాడు ప్రకటనలతో తప్పించుకొనుటయు ధర్మము గాదు.

కావున మూడు కార్యములు జరుగవలెను. సంస్థలు తమ మూడవ పద్దును దాపరికము లేక ప్రకటింపవలెను. రుజువుల వ్యయమును గింజలు కొనువారు వహింపవలెను. నీడను కాపాడిన రైతునకు ఆ జమ గింజల వెలలోనే ముట్టవలెను. మనమును కావలసినంత నీరే కాచుకొని, కొనునపుడు ‘ఈ గింజ ఏ తోటది? ఎట్లు పండినది?’ అని అడుగుట నేర్చుకొందము. అడుగువారున్నచోటనే లెక్క చెప్పువారుందురు.