పరస్పర అంగీకారంతో విడాకులు

గత భాగంలో భార్యాభర్తల్లో ఒకరు మరొకరిపై క్రూరత్వం, పరిత్యాగం వంటి కారణాలు చూపి విడాకులు కోరే విధానాన్ని చదివారు. ఇద్దరూ విడిపోవడానికే ఇష్టపడినప్పుడు ఏం జరుగుతుందో ఇప్పుడు చూద్దాం.

మన ఊళ్లలో ఇలాంటి సందర్భంలో పెద్దమనుషులు కూర్చుని, స్టాంపు కాగితం మీద ఒప్పందం రాయించి, సాక్షి సంతకాలు పెట్టించడం మీరు చూసే ఉంటారు. ఇచ్చిపుచ్చుకోవడాలు తేల్చుకోవడానికి ఆ కాగితం పనికిరావచ్చు. వివాహం మాత్రం దానితో రద్దు కాదు. నోటరీ ముద్ర ఉన్నా అంతే. హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ ఆచారసిద్ధమైన విడాకులను గుర్తిస్తున్న మాట నిజమే. అయితే అలాంటి ఆచారం తమ సమాజంలో చాలాకాలంగా నడుస్తోందని, దానిపై ఆధారపడేవారే రుజువు చేసుకోవాలి. రుజువు కాకపోతే ఆ కాగితాన్ని నమ్మి చేసుకున్న రెండో పెళ్లి చెల్లదు. ఆ పెళ్లి చేసుకున్న స్త్రీకి చట్టప్రకారం భార్య హోదా దక్కదు.

13-బి సెక్షన్

1955లో చట్టం చేసినప్పుడు ఈ సెక్షన్ లేదు. 1976 సవరణతో వచ్చింది. దీని కింద పిటిషన్ వేయాలంటే దంపతులు ఏడాది లేదా అంతకు మించి విడిగా ఉండి ఉండాలి, కలిసి బతకలేని స్థితి ఉండాలి, వివాహాన్ని రద్దు చేసుకోవాలని ఇద్దరూ అంగీకరించి ఉండాలి. 'విడిగా' అంటే వేరే ఇంట్లో అనే అర్థం కాదు. ఒకే కప్పు కింద ఉంటూ దంపతులుగా జీవించకపోయినా విడిగా ఉన్నట్లేనని సురేష్టా దేవి కేసులో (1991) సుప్రీంకోర్టు చెప్పింది.

పిటిషన్‌ను ఫ్యామిలీ కోర్టులో, అది లేనిచోట జిల్లా కోర్టులో వేస్తారు. పెళ్లి జరిగిన చోట, చివరిసారి కలిసి కాపురం ఉన్న చోట, లేదా పిటిషనర్‌గా ఉన్న భార్య ప్రస్తుతం నివసిస్తున్న చోట వేయవచ్చు. భరణం, పిల్లల సంరక్షణ, స్త్రీధనం వాపసు: వీటిని పిటిషన్‌లోనే స్పష్టంగా రాయించుకోవడం మంచిది. 'తర్వాత చూసుకుందాం' అని వదిలేసిన విషయాలే తర్వాత కొత్త కేసులవుతాయి. న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేదని వెనకాడనక్కరలేదు. ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచిత న్యాయసహాయం అందుతుంది.

రెండు దశలు ఎందుకు?

మొదటి దశలో కోర్టు ఇద్దరి వాంగ్మూలాలు నమోదు చేస్తుంది. ఆ తర్వాత పిటిషన్ వేసిన తేదీ నుంచి 6 నెలలు గడిచాక, 18 నెలల లోపు ఇద్దరూ మళ్లీ కోర్టును కోరాలి. ఈ గడువు పునరాలోచన కోసం. ఐదో నెలలో భార్యకు, తాను పుట్టింటివారి ఒత్తిడి మీద సంతకం పెట్టాననిపించిందనుకోండి. ఆమె అంగీకారాన్ని వెనక్కి తీసుకోవచ్చు. భర్తకూ అదే హక్కు ఉంది. డిక్రీ వచ్చేదాకా అంగీకారం నిలిచి ఉండాలన్నది సురేష్టా దేవి తీర్పులోని అసలు సూత్రం. ఒకరు తప్పుకుంటే రెండోవారికి 13వ సెక్షన్ కింద కారణాలు చూపి, విడిగా పిటిషన్ వేసుకునే దారి ఉంటుంది.

అలాగని 6 నెలలు అందరూ వేచి ఉండాల్సిందేనా? అక్కర్లేదని అమర్‌దీప్ సింగ్ కేసులో (2017) సుప్రీంకోర్టు తేల్చింది. మొదటి దశకు ముందే ఎడబాటు ఏడాదిన్నర దాటి, రాజీ ప్రయత్నాలు విఫలమై, భరణం, పిల్లల విషయాలు పరిష్కారమై ఉంటే కోర్టు ఈ గడువును మినహాయించవచ్చు. ఇది కోర్టు విచక్షణ, హక్కుగా అడగలేరు.

కోలుకోలేనంతగా చెడిపోయిన వివాహాన్ని ఆ ఒక్క కారణంతో రద్దు చేసే అధికారం రాజ్యాంగం 142వ అధికరణం కింద సుప్రీంకోర్టుకు ఉందని 2023లో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఫ్యామిలీ కోర్టుకు ఆ అధికారం లేదు.

మీ అవగాహనను పరీక్షించుకోండి

2023 మార్చిలో పెళ్లయిన ఒక జంట ఆ డిసెంబరు నుంచి విడిగా ఉంటూ, 2024 జూన్‌లో 13-బి కింద పిటిషన్ వేశారు. అది నిలుస్తుందా? కారణం రాయండి.