అమ్మకు క్షమాపణ చెప్పిన సినిమా

నేను ఎనిమిదో తరగతి చదివేటప్పుడు స్కూల్లో తల్లిదండ్రుల మీటింగుకి అమ్మ వస్తానంది. "నువ్వొద్దులే అమ్మా, నాన్నగారు వస్తార్లే" అన్నాను. ఎందుకని అమ్మ అడగలేదు. తీసి మంచం మీద పెట్టుకున్న చీరని మళ్లీ మడతపెట్టి బీరువాలో పెట్టేసింది. అమ్మకి ఇంగ్లీషు రాదని నా సిగ్గు. ఆవిడకి తెలిసిపోయిందని నాకూ తెలుసు.

2012లో 'ఇంగ్లీష్ వింగ్లీష్' విడుదలైతే, శ్రీదేవి పదిహేనేళ్ల తర్వాత మళ్లీ తెరమీదికి వచ్చిందన్న సంబరంతో అమ్మని వెంటబెట్టుకుని వెళ్లాను. ఇంతలో స్కూలు సీను వచ్చింది. తల్లి తన పంతులుగారితో హిందీలో మాట్లాడుతోంటే తలెత్తుకోలేకపోతోంది కూతురు. హాల్లో పక్కకి తిరిగి అమ్మ ముఖం చూసే ధైర్యం లేకపోయింది నాకు.

ఆ సినిమా తీసిన గౌరీ షిండేది పుణె. ముంబయిలో యాడ్ ఏజెన్సీల్లో పనిచేసి, వాణిజ్య ప్రకటనలు తీసి, అప్పుడు సినిమాకి వచ్చారు. వాళ్లమ్మగారు ఇంట్లోనే పచ్చళ్ల వ్యాపారం చేసేవారట. ఇంగ్లీషు అంతగా రాని ఆ తల్లిని చూసి చిన్నప్పుడు తాను సిగ్గుపడ్డానని, ఈ సినిమా ఆవిడకి చెప్పుకున్న క్షమాపణేనని ఆమే చెప్పుకున్నారు. పచ్చళ్లు తెరమీద లడ్డూలయ్యాయి, అంతే తేడా!

ఇందులో కొట్టే మొగుడు లేడు, రాచిరంపాన పెట్టే అత్త లేదు. అందరూ మంచివాళ్లే. భర్త నలుగురిలో నవ్వుతూ "మా ఆవిడ లడ్డూలు చెయ్యడానికే పుట్టింది" అంటాడు. పొగడ్తే! కానీ ఆ పొగడ్త ఎక్కడ గుచ్చుకుంటుందో రోజూ వంటింట్లో ఉండేవాళ్లకి వేరే చెప్పాలా? పరీక్ష రోజునే లడ్డూలన్నీ నేలపాలైతే పరీక్ష మానేసి మళ్లీ చుట్టడానికి కూర్చుంటుంది శశి. పని మీద గౌరవం లేనిది ఇంట్లోవాళ్లకి, ఆమెకి కాదు. ఒక్కటే నాకు నచ్చలేదు. నాలుగు ముక్కలు ఇంగ్లీషులో మాట్లాడాకే వాళ్లకి కళ్లు తెరుచుకున్నాయి. రాకపోయినా తెరుచుకోవాలిగా! విమానంలో ఆమె హిందీ పేపరుందా అని అడిగినప్పుడు మాత్రం హాయిగా నవ్వేశాను.

మరుసటేడు, 2013లో, తనిష్క్ నగలకి గౌరీ తీసిన ప్రకటన చూశారా? చామనఛాయ పెళ్లికూతురు, ఆమెకో చిన్న కూతురు. అంటే రెండో పెళ్లి. అగ్ని చుట్టూ తిరిగేటప్పుడు పెళ్లికొడుకు ఆ పాపని కూడా ఎత్తుకుంటాడు. నగల ప్రకటనంటే పాలరాతి బొమ్మలాంటి పెళ్లికూతురు, గతమే లేనట్టు నవ్వడం అలవాటైపోయిన మనకి అది కొత్తే. చివరికి అమ్మింది బంగారమేగా అంటారా? నిజమే, కాదనను. అయినా అది వచ్చినప్పుడు, భర్తపోయిన మా పక్కింటావిడ మా టీవీ ముందు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

2016లో వచ్చిన 'డియర్ జిందగీ'లో సంగతి తిరగబడింది. ఇక్కడ నొచ్చుకున్నది కూతురు. చిన్నప్పుడు తనని తాతా అమ్మమ్మల దగ్గర వదిలి విదేశాలకి వెళ్లిన తల్లిదండ్రుల మీద కోపం కడుపులో దాచుకున్న కెమెరావుమన్‌గా అలియా భట్, ఆ ముడి విప్పే డాక్టరుగా షారుఖ్ ఖాన్. అతని మాటలు కాస్త ఎక్కువయ్యాయనిపించింది నాకు. కానీ మనసు బాగోలేదని డాక్టరు దగ్గరికి వెళ్లడం పిచ్చి కాదని మా ఇంట్లో మొదటిసారి మాట్లాడుకున్నది ఆ సినిమా చూసొచ్చిన రాత్రే.

ఆవేళ 'ఇంగ్లీష్ వింగ్లీష్' చూసి వస్తుంటే ఆటోలో అమ్మ అన్నది ఒక్కటే మాట: "లడ్డూలు బాగా చుట్టిందే శ్రీదేవి!" నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. తర్వాతా చెప్పలేదు. గౌరీకి సినిమా ఉంది.

అమ్మ ఈ పేజీ ప్రతివారం చదువుతుంది. కళ్లజోడు తుడుచుకుని, మొదటి అక్షరం నుంచి చివరిదాకా.