ఒంటరి క్లోమం చెప్పిన సంగతులు

మీరు ఇప్పుడే ఒక లడ్డు తిన్నారనుకోండి. కాసేపటికి అందులోని చక్కెర జీర్ణమై, గ్లూకోజ్ రూపంలో మీ రక్తంలో కలుస్తుంది. పరగడుపున 100 మిల్లీలీటర్ల రక్తానికి 70 నుంచి 100 మిల్లీగ్రాముల దాకా ఉండే గ్లూకోజ్ ఇప్పుడు పెరుగుతుంది. అయినా రెండు మూడు గంటలు తిరిగేసరికి దాదాపు మొదటి స్థాయికి వచ్చేస్తుంది. మీరు క్రికెట్టు ఆడుతున్నా, లెక్కలు చేస్తున్నా ఈ సర్దుబాటు దానంతటదే జరిగిపోతుంది. ఇది ఇన్సులిన్ అనే హార్మోను చేసే పని అనీ, ఆ హార్మోను క్లోమంలో తయారవుతుందనీ మీ పాఠ్యపుస్తకంలో చదివే ఉంటారు.

సరే, మరి రక్తంలో చక్కెర పెరిగిందని క్లోమానికి ఎవరు చెప్పారు? మెదడు నరాల ద్వారా కబురు పంపిందా? కాలేయం చెప్పిందా? లేక క్లోమమే స్వయంగా రుచి చూసి తెలుసుకుందా?

1889లో స్ట్రాస్‌బర్గ్ నగరంలో మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగ్ అనే ఇద్దరు వైద్యులు ఒక కుక్కకు క్లోమాన్ని తీసివేశారు. దానికి మధుమేహం వచ్చింది. క్లోమం లేకపోతే ఏమవుతుందో దీనివల్ల తెలిసింది గాని, ఉన్నప్పుడు అది ఎలా పనిచేస్తుందో తెలియలేదు. పొలంలో మోటారు సరిగా నీళ్లు తోడకపోతే మెకానిక్ ఏం చేస్తాడో చూశారా? లోపం మోటారుదో, పైపుదో, కరెంటుదో తేల్చుకోవడానికి మోటారును విప్పి, షెడ్డుకు తీసుకుపోయి, విడిగా తిప్పి చూస్తాడు. క్లోమాన్నీ అలాగే విడిగా చూడాలి. ఎందుకంటే, అది వదిలిన ఇన్సులిన్ ముందుగా కాలేయానికే వెళ్తుంది. అక్కడ సుమారు సగం ఖర్చయిపోతుంది. చేతి నుంచి రక్తం తీసి మనం కొలిచేది ఆ మిగిలినదాన్నే.

అయితే క్లోమం ఇనుప మోటారు కాదు కదా! ఊరికే బయటికి తీస్తే చచ్చిపోతుంది. దాన్ని కొన్ని గంటలపాటు బతికించి ఉంచి పరిశీలించే పద్ధతిని 1960లలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో గెరాల్డ్ గ్రాడ్‌స్కీ, ఆయన సహచరులు బాగా అభివృద్ధి చేశారు. ఎలుకకు మత్తు ఇచ్చి, క్లోమానికి రక్తం తెచ్చే ధమనిలో ఒక సన్నని గొట్టం, రక్తం తీసుకుపోయే నిర్వాహక సిరలో మరొక గొట్టం అమరుస్తారు. రక్తానికి బదులు లవణాలు, ప్రోటీను, గ్లూకోజ్ కలిపిన ద్రవాన్ని పంపు చేస్తారు. ఆ ద్రవం 37 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనంతో ఉండాలి. అందులోకి ఆక్సిజన్‌ను బుడగలుగా వదులుతూ ఉండాలి. అవతలి గొట్టంలోంచి కారేదాన్ని నిమిషానికొక పరీక్షనాళికలో పడతారు. ఆ ఎలుక మళ్ళీ లేవదు. కాబట్టి ప్రయోగానికి ముందే, అడగబోయే ప్రశ్న దానికి తగినదేనా అని శాస్త్రజ్ఞుడు గట్టిగా ఆలోచించుకోవాలి.

నాళికలు నిండాయి. మరి ఇన్సులిన్‌ను కొలవడమెలా? పరగడుపున మన రక్తంలో అది మిల్లీలీటరుకు ఒక గ్రాములో నూరు కోట్లవ వంతుకన్నా తక్కువ ఉంటుంది! రోజాలిన్ యాలో, సాలమన్ బెర్సన్ అనే ఇద్దరు రేడియోధార్మిక అయొడిన్ తగిలించిన ఇన్సులిన్‌ను ఉపయోగించి, ఇంత స్వల్ప మోతాదులను కూడా కొలిచే ఉపాయం 1959-60 ప్రాంతంలో కనిపెట్టారు. బెర్సన్ 1972లో మరణించాడు. 1977లో నోబెల్ బహుమతి యాలోకు దక్కింది. ఈ కొలబద్ద లేకుంటే ఆ నాళికలన్నీ వట్టి ఉప్పునీళ్లే.

ఇక ఫలితం చూడండి. నరాలు తెగిపోయాయి, కాలేయంతో సంబంధం లేదు. అయినా ద్రవంలో గ్లూకోజ్ పెంచగానే ఒకటి రెండు నిమిషాల్లో ఇన్సులిన్ దూకింది. అంటే క్లోమం ఎవరి కబురూ లేకుండానే రుచి చూడగలదన్నమాట. నరాలు దానిని కొంత అటూ ఇటూ నడిపిస్తాయి, అంతే. ఈ రుచి చూసేవి లాంగర్‌హాన్స్ పుటికలలోని బీటా కణాలు. మన క్లోమంలో ఇలాంటి పుటికలు సుమారు 10 లక్షలున్నా, అన్నీ కలిపి క్లోమం బరువులో నూటికి ఒకటి రెండు వంతులే.

అసలు వింత 1968లో బయటపడింది. కర్రీ, బెన్నెట్, గ్రాడ్‌స్కీ గ్లూకోజ్‌ను ఒక్కసారిగా పెంచి అక్కడే నిలిపి ఉంచారు. ఇన్సులిన్ కూడా పెరిగి అలాగే నిలబడుతుందని మీరనుకోవచ్చు. అలా జరగలేదు! ముందు చటుక్కున లేచింది. కొద్ది నిమిషాల్లో పడిపోయింది. తర్వాత నెమ్మదిగా గంటసేపు పెరుగుతూ పోయింది. రెండు అలలు! పెళ్ళి భోజనాలలో బకెట్లు నింపుకొని విస్తళ్ల పక్కనే నిలబడ్డవాళ్లు ముందుగా వడ్డిస్తారు. అవి ఖాళీ అయ్యాక వంటశాల నుంచి మళ్ళీ రావాలి. బీటా కణంలోనూ ఇన్సులిన్ వేల కొద్దీ చిన్న చిన్న సంచులలో నిలవ ఉంటుంది. కణపు పొరను ఆనుకొని ఉన్న కొద్ది సంచులు వెంటనే తెరుచుకుంటాయి. మిగతావి లోపలి నుంచి రావాలి.

సంచులు తెరవడానికి సైగ చేసేది కాల్షియం. ద్రవంలో కాల్షియం లేకుండా చేస్తే, గ్లూకోజ్ ఎంత పెంచినా క్లోమం ఉలకదు పలకదని 1966లోనే తేలింది. ఆ కాల్షియంను లోపలికి రానిచ్చే ఏర్పాటు 1984 తర్వాత స్పష్టమైంది. కణం గ్లూకోజ్‌ను మండించుకొని శక్తి పొందగానే పొటాషియం ద్వారాలు మూసుకుంటాయి. దాంతో విద్యుత్ స్థితి మారి కాల్షియం ద్వారాలు తెరుచుకుంటాయి.

ఇదంతా ఎలుకల గొడవ అనుకోకండి. పెద్దవాళ్లలో ఎక్కువగా కనిపించే రెండో రకం మధుమేహంలో తొలిదశలోనే దెబ్బతినేది ఆ మొదటి అలే. వడ్డన ఆలస్యమైతే, తిన్న చక్కెర రక్తంలో పేరుకుపోతుంది.

ఒంటరి క్లోమం చెప్పలేకపోయిన సంగతి కూడా ఒకటుంది. అదే గ్లూకోజ్‌ను సిరలోకి ఎక్కించినప్పటికన్నా నోటితో తాగినప్పుడు ఇన్సులిన్ చాలా ఎక్కువ వస్తుందని 1964లో మనుషులలో గమనించారు. అంటే పేగులు కూడా ఏదో కబురు పంపుతున్నాయి. విడదీసిన క్లోమానికి పేగులు లేవు కదా! అయితే అనుమానించిన పదార్థాన్ని ద్రవంలో కలిపి చూడవచ్చు. 1987లో బోస్టన్‌లో స్వెత్లానా మొయ్‌సొవ్, గోర్డన్ వియర్, జోయెల్ హాబెనర్ సరిగ్గా ఆ పనే చేశారు. జి.ఎల్.పి.-1 అనే పేగు హార్మోనును ఎలుక క్లోమంలోకి పంపితే ఇన్సులిన్ ఉప్పొంగింది. గ్లూకోజ్ తక్కువగా ఉన్నప్పుడు మాత్రం ఈ హార్మోను పెద్దగా పనిచేయదు. వైద్యులకు నచ్చిన గుణం అదే, ఎందుకంటే రక్తంలో చక్కెర మరీ పడిపోయే భయం తక్కువ. దీన్ని అనుకరించే మందులు 2005 నుంచి మధుమేహ రోగులకు ఇస్తున్నారు.