మెల్లగా పెరిగే లింఫోమా: "ఎంతకాలం?" అన్న ప్రశ్న

రక్తవ్యాధుల వైద్యునిగా నేను తరచుగా విన్న ప్రశ్న "ఎంతకాలం?" అన్నది. రోగి అడగరు. ఆయనను బయట కూర్చుండబెట్టి కుమారుడో, అల్లుడో లోనికి వచ్చి గొంతు తగ్గించి అడుగుతారు. ఫాలిక్యులర్ లింఫోమా విషయంలో ఈ ప్రశ్నకు ఒక్క అంకెతో బదులు చెప్పడం ఉచితం కాదు.

మెడ, చంకలు, గజ్జలు మొదలైన చోట్ల ఉండే లింఫు గ్రంథులలోని తెల్లకణాలు అదుపు తప్పడమే లింఫోమా. ఈ రకంలో, అధిక సంఖ్యాకులైన రోగుల కణాలలో 14వ, 18వ క్రోమోజోముల ముక్కలు తారుమారై ఉంటాయి. దానివలన బీసీఎల్-2 అనే ప్రొటీను మితిమీరి తయారవుతుంది. కాలం తీరిన కణం రాలిపోకుండా నిలిచిపోతుంది. కణాలు వేగంగా పుట్టడం కన్న, చావవలసినవి చావకపోవడమే ఇక్కడ ప్రధాన దోషం. అందుకే వ్యాధి నెమ్మది. అందుకే దానిని సమూలంగా పెకలించడమూ కష్టం.

గడ్డ నొప్పి పెట్టదు. కనుక చాలామందిలో గుర్తించేసరికే వ్యాధి ఎముక మజ్జ వరకు చేరి ఉంటుంది. మన ప్రాంతాలలో మెడమీది గడ్డను ముందుగా క్షయగా అనుమానించడం సహజమే. అయితే నెలల తరబడి మందులు వాడుటకు ముందు బయాప్సీ చేయించుకొనవలెనని నా అభిప్రాయం. సూదితో తీసిన కొద్దిపాటి కణాల కంటె గ్రంథిని పూర్తిగా తీసి పరీక్షించడం మేలు.

"నాల్గవ దశ" అన్న మాట విని కుటుంబాలు కుప్పకూలడం అనేకసార్లు చూచాను. జీర్ణాశయ క్యాన్సరులో నాల్గవ దశకు ఉన్న అర్థం ఇక్కడ లేదు. ఒక ఉపాధ్యాయులు రెండెకరాల పొలాన్ని అమ్మకానికి పెట్టి నా వద్దకు వచ్చారు. జ్వరం లేదు, బరువు తగ్గలేదు, రక్తకణాల సంఖ్య సవ్యంగా ఉన్నది. "ప్రస్తుతం మందు అక్కరలేదు, మూడు నెలలకు రండి" అన్నాను. డబ్బు లేదనుకొని పంపివేస్తున్నానని ఆయన భావించారు! మందు మొదలు పెట్టవలసిన అవసరం నాలుగేండ్ల తరువాత గాని రాలేదు.

ఇది నా సొంత ధైర్యం కాదు. ఇటువంటి వ్యాధి కలిగి, మొదట చికిత్స లేకుండా పరిశీలనలో ఉంచిన 83 మంది వివరాలను అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ వైద్యులు 1984లో ప్రకటించారు. వారిలో 19 మందికి గడ్డలు మందు లేకుండానే కొంతకాలం తగ్గాయి. ఈ తగ్గుదలను నివారణగా పొరబడి పరీక్షలు మానివేయరాదు. గడ్డలు బాగా పెరిగినా, రక్తకణాలు తగ్గినా, జ్వరం, రాత్రివేళ బట్టలు తడిసే చెమట, ఆరు నెలలలో పదవ వంతు బరువు తగ్గడం కనబడినా చికిత్స ఆరంభిస్తాము. ఒకే చోట ఉన్న వ్యాధికి రేడియేషను చాలామందికి దీర్ఘకాలం ఊరటనిస్తుంది.

భవిష్యత్తును అంచనా వేయుటకు 2004 నుండి ఒక సూచిక వాడుకలో ఉన్నది. వయస్సు 60 దాటడం, మూడు లేక నాల్గవ దశ, హిమోగ్లోబిను 12 కంటె తక్కువ కావడం, నాలుగుకు మించిన గ్రంథి స్థానాలు, రక్తంలో ఎల్‌డీహెచ్ పెరుగుదల: వీటిలో ఒక్కటి ఉన్నా, ఏదీ లేకున్నా రోగి తేలిక వర్గంలో చేరుతారు, మూడు లేక అంతకు మించితే క్లిష్ట వర్గం. నాటి లెక్కలలో పదేండ్ల తరువాత జీవించి ఉన్నవారు మొదటి వర్గంలో నూటికి సుమారు 71 మంది, చివరి వర్గంలో 36 మంది. అయితే వారంతా రిటుక్సిమాబ్ అనే మందు వాడుకలోకి రాకముందటి రోగులు. నేడు పదిహేను, ఇరవై ఏండ్లు జీవించడం అరుదు కాదు. ఆ మందును 2007లో హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్ సంస్థ రెడిటక్స్ అన్న పేరుతో తయారుచేసి మన రోగులకు అందుబాటులోకి తెచ్చింది.

రెండు ప్రమాదాలను దాచరాదు. ఏటా నూటికి ఇద్దరు ముగ్గురిలో ఇది వేగంగా పెరిగే లింఫోమాగా మారుతుంది. ఏండ్ల తరబడి నిద్రించిన గడ్డ ఒక్కటి వారాలలో ఉబ్బితే తదుపరి పరీక్ష తేదీ కోసం ఎదురు చూడరాదు. రెండవది, కీమోతో కూడిన తొలి చికిత్స జరిగిన రెండేండ్లలోపే వ్యాధి మరలిరావడం. ఐదుగురిలో ఒకరికి ఇలా జరుగుతుంది. వారిలో అయిదేండ్లు జీవించేవారు సుమారు సగం మందే. మిగిలిన నలుగురి గతి ఎంతో మెరుగు. "ఎంతకాలం" అన్నదానికి నేను ఇచ్చే అత్యంత నిజమైన సమాధానం ఆ రెండేండ్లు గడచిన పిదపనే.

యాత్రికులకు ఒక మాట. పరిశీలనలో ఉండి ఆరోగ్యంగా ఉన్నవారు కొండ నడచి ఎక్కుటకు సాధారణంగా అభ్యంతరం ఉండదు. రిటుక్సిమాబ్ పొందుతున్నవారికి అంటువ్యాధుల భయం ఎక్కువ. రద్దీ దినాలలో దర్శనం వాయిదా వేసుకొనడం మంచిది. ఉపవాసం మ్రొక్కుకొన్నవారు చికిత్స ముగిసేవరకు దానిని ఆపుకొనవచ్చును.

రోగులకు సాయపడదలచిన దాతలు మందు ఖర్చునే తలుస్తారు. ఆ మందుకు ముందు హెపటైటిస్-బి పరీక్ష తప్పనిసరి, లేనిచో నిద్రాణంగా ఉన్న ఆ వైరసు విజృంభించి కాలేయాన్ని దెబ్బతీయవచ్చును. ఆ పరీక్షకూ, మూడు నెలలకొకసారి పట్టణానికి వచ్చిపోయే బస్సు ఖర్చుకూ సాయం చేయడం కూడ చికిత్సలో భాగమే. పరీక్షలకు రావడం మానివేసిన నా రోగులలో పలువురిని ఆపినది ఆ ఖర్చే.