స్వీడన్ మంత్రగత్తెల విచారణలు: పిల్లల మాటలపై మరణశిక్షలు ఎలా పడ్డాయి, చివరకు ఎలా ఆగాయి?

1675లో ఉత్తర స్వీడన్‌లోని టోర్సోకెర్ ప్రాంతంలో ఒకే రోజున 71 మందికి మరణశిక్ష అమలు చేశారు. వారిలో 65 మంది స్త్రీలు, ఆరుగురు పురుషులు. ముందుగా శిరచ్ఛేదం చేసి, ఆ తర్వాత దేహాలను చితిపై దహనం చేశారు. వారిపై మోపిన నేరం మంత్రవిద్య. ఆ నేరానికి సాక్ష్యం చెప్పినవారిలో అత్యధికులు చిన్నపిల్లలు.

1668 నుంచి 1676 వరకు స్వీడన్‌లో సాగిన ఈ విచారణల్లో సుమారు 300 మంది ప్రాణాలు కోల్పోయారు. స్వీడన్ చట్టం లేని దేశమేమీ కాదు. అక్కడ రాతపూర్వకమైన శాసనాలు, స్థానిక న్యాయస్థానాలు, వాటిపై అప్పీలు కోర్టు అన్నీ ఉన్నాయి. మరి ఆ వ్యవస్థ ఇంతమందిని ఎందుకు కాపాడలేకపోయింది? చివరకు ఆ మరణాలను ఆపిందేమిటి?

చట్టంలో ఉన్న రక్షణ

ఆనాటి స్వీడన్ గ్రామాల్లో 1442 నాటి శాసనం అమల్లో ఉండేది. రాజు తొమ్మిదో కార్ల్ 1608లో దానిని ధ్రువీకరించి, ముద్రింపజేశాడు. బైబిలులోని మోషే ధర్మశాస్త్ర భాగాలను అనుబంధంగా చేర్పించాడు. మంత్రగత్తెను బ్రతకనివ్వరాదన్న ఆదేశం వాటిలో ఒకటి.

అయితే శిక్ష ఎంత కఠినమో, నిరూపణ నియమం కూడా అంత కఠినంగానే ఉండేది. నిందితులు స్వయంగా నేరం ఒప్పుకోవాలి, లేదా నమ్మదగిన ఇద్దరు సాక్షులు ఉండాలి. చిన్నపిల్లల మాటకు పెద్దల సాక్ష్యంతో సమానమైన విలువ లేదు. 1614లో స్టాక్‌హోంలో ఏర్పడిన స్వేయా అప్పీలు కోర్టు, కింది కోర్టులు విధించిన మరణశిక్షలను పరిశీలించేది. ఈ అంచెలను దాటి ఒకరిని మంత్రగత్తెగా నిరూపించడం సులభం కాదు.

ఒక బాలుడి మాటతో మొదలు

దాలర్నా ప్రాంతంలోని ఎల్వ్‌డాలెన్‌లో గెర్‌ట్రూడ్ అనే 12 ఏళ్ల బాలిక మేకలను నీటిపై నడిపించిందని ఒక బాలుడు చెప్పాడు. మతగురువులు ప్రశ్నించగా, ఆ విద్యను మేరెట్ యోన్స్‌డోటర్ అనే స్త్రీ తనకు నేర్పిందని ఆ బాలిక చెప్పింది. 1668లో విచారణ మొదలైంది. మేరెట్ నేరం ఒప్పుకోలేదు. నేరాంగీకారం లేనందున తొలుత ఆమెకు శిక్ష అమలు కాలేదు. చట్టంలోని రక్షణ అప్పటికి పనిచేసింది.

కానీ కథ గ్రామాలు దాటింది. మంత్రగత్తెలు రాత్రివేళ పిల్లలను ఎత్తుకొని 'బ్లోకుల్లా' అనే చోటికి తీసుకుపోతారని, అక్కడ సైతాను విందు ఇస్తాడని వందలాది పిల్లలు చెప్పసాగారు. బ్లోకుల్లా జానపదుల ఊహలో పుట్టిన స్థలం. తమ బిడ్డలను సైతాను అపహరిస్తున్నాడని నమ్మిన తల్లిదండ్రులు భయంతో తల్లడిల్లారు. కఠిన చర్య తీసుకోవాలని ప్రభుత్వాన్ని వేడుకున్నారు.

భయపడిన పెద్దలు పిల్లలను రాత్రిళ్లు ఒకే ఇంటిలో చేర్చి, నిద్రపోనివ్వకుండా కాపలా కాసేవారు. వీటిని 'జాగరణ గృహాలు' అనేవారు. రక్షణ కోసం ఏర్పడిన ఆ ఇళ్లలోనే పిల్లలు ఒకరి నుంచి మరొకరు కథలు నేర్చుకున్నారు. మరునాడు అందరూ ఒకే మాట చెబుతుంటే, అది నిజమే కాబోలని న్యాయమూర్తులు తలచారు.

నియమాలు సడలిన వేళ

1669లో ప్రభుత్వం దాలర్నాలోని మూరాకు ప్రత్యేక విచారణ సంఘాన్ని పంపింది. అప్పీలు కోర్టు పరిశీలన కోసం వేచి ఉండకుండానే తీర్పు చెప్పి, శిక్ష అమలు చేసే అధికారం దానికి లభించింది. పిల్లల సాక్ష్యాలను పోగుచేసి, వాటినే నిరూపణగా స్వీకరించారు. అసాధారణమైన నేరానికి సాధారణ నియమాలు చాలవన్నదే దీని వెనుకనున్న వాదం. తొలుత ప్రాణాలతో బయటపడిన మేరెట్‌కు సైతం, నేరం ఒప్పుకోకపోయినా, 1672లో మరణశిక్ష అమలు చేశారు.

టోర్సోకెర్‌లో పరిస్థితి మరింత విషమించింది. అక్కడి మతగురువు లారెన్షియస్ హోర్నేయస్ చర్చి ద్వారం వద్ద బాలురను నిలబెట్టాడు. లోపలికి వెళ్లే స్త్రీల నుదుట ఇతరులకు కనిపించని సైతాను గుర్తును చూసి, వారు మంత్రగత్తెలను చూపించాలి. ఒక బాలుడు ఆ మతగురువు భార్య బ్రిటా రూఫీనానే చూపించాడు. ఆమె వాడి చెంప చెళ్లుమనిపించింది. ఎండ కళ్లలో పడి పొరబడ్డానంటూ వాడు క్షమాపణ కోరాడు. ఈ సంగతిని ఆమె చెప్పగా విన్న మనుమడు దశాబ్దాల తర్వాత రాసిపెట్టాడు. మతగురువు భార్య చేతి దెబ్బతో తప్పించుకోగలిగింది. సామాన్య రైతు స్త్రీకి ఆ అవకాశం లేదు.

స్టాక్‌హోంలో మలుపు

ఈ భయం 1675 నాటికి రాజధానికి చేరింది. యేవ్లే పట్టణం నుంచి వచ్చిన ఒక బాలుడు ప్రధాన సాక్షుల్లో ఒకడయ్యాడు. 1676 ఆగస్టులో మాలిన్ మాట్స్‌డోటర్ అనే స్త్రీని సజీవంగా దహనం చేశారు. ఆమె సొంత కుమార్తెలే ఆమెకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పారు. చివరి క్షణం వరకు ఆమె నేరం ఒప్పుకోలేదు. శిరచ్ఛేదం లేకుండా నేరుగా మంటల్లో కాల్చడానికి కారణం అదే.

ఆ తర్వాత కొద్ది వారాల్లోనే విచారణ దిశ మారింది. స్టాక్‌హోం విచారణ సంఘంలోని వైద్యుడు ఉర్బన్ యార్నె, మతగురువు ఎరిక్ నొరేయస్ వంటివారు సాక్షుల మాటలను సందేహించారు. పిల్లలను విడివిడిగా, నిశితంగా ప్రశ్నించడం మొదలైంది. ఒకరి మాటకు మరొకరి మాటకు పొంతన కుదరలేదు. చివరకు ఒకరు అంతా కల్పించి చెప్పామని ఒప్పుకున్నారు. ఆ వెంటనే మిగిలినవారు ఒక్కొక్కరుగా అదే మాట చెప్పారు.

చెరసాలలో ఉన్న నిందితులు విడుదలయ్యారు. అబద్ధపు సాక్ష్యం చెప్పిన నేరానికి కొందరు సాక్షులకు మరణదండన పడింది. యేవ్లే బాలుడు వారిలో ఒకడు. అతడి వయసు అప్పటికి పదమూడేళ్లకు అటూఇటూ మాత్రమే. ఆ మాటలను నమ్మి తీర్పులు చెప్పిన పెద్దలు నేరం చేశారని ఎవరూ అనలేదు.

నమ్మకం పోలేదు, నిరూపణ మారింది

విచారణలు ఆగిపోవడానికి స్వీడన్ ప్రజలు మంత్రవిద్యను నమ్మడం మానేయడం కారణం కాదు. యార్నె సైతం సైతాను లేడని వాదించలేదు. ఆ సాక్ష్యాల వెనుక ఊహలు, రోగాలు, దురుద్దేశాలు ఉన్నాయని మాత్రమే చెప్పాడు. మారినది నమ్మకం కాదు, ప్రశ్నించే పద్ధతి. పక్కన పెట్టిన పాత నియమాలు తిరిగి గౌరవం పొందగానే మరణాలు ఆగాయి.

1677లో దేశమంతటా చర్చిల్లో కృతజ్ఞతా ప్రార్థనలు చేయించారు. మంత్రగత్తెలను దేశం నుంచి తరిమివేసినందుకు దేవునికి ధన్యవాదాలు చెప్పారే తప్ప, మరణించినవారు నిర్దోషులని ప్రకటించలేదు. మూరా కథ ఈలోగా సముద్రాలు దాటింది. 1692లో అమెరికాలోని సేలంలో జరిగిన విచారణలను సమర్థిస్తూ రాసిన గ్రంథంలో మతగురువు కాటన్ మేథర్ దానిని ఉదాహరణగా చేర్చాడు. స్వీడన్ రాజధానిలో అబద్ధమని తేలిన తరహా సాక్ష్యం మరో ఖండంలో ఆధారంగా నిలిచింది.

భారతదేశానికి ఈ చరిత్ర దూరపుదేమీ కాదు. చేతబడి, బాణామతి అనుమానంతో దాడులు, హత్యలు జరిగిన ఉదంతాలు తెలుగు రాష్ట్రాల్లోనూ వార్తలకెక్కాయి. ఝార్ఖండ్ 2001లో, అస్సాం ఆ తర్వాత ఇలాంటి వేధింపులపై ప్రత్యేక చట్టాలు చేశాయి. పిల్లల సాక్ష్యాన్ని మన న్యాయస్థానాలు తిరస్కరించవు. కానీ పెద్దలు నూరిపోసిన మాటలా, స్వయంగా చూసినదా అని జాగ్రత్తగా పరిశీలించాలని చెబుతాయి.

స్వీడన్‌లో చిత్రహింసను రాజు మూడో గుస్తావ్ 1772లో రద్దు చేశాడు. మంత్రవిద్యకు మరణశిక్ష విధించే నిబంధన 1779లో శాసనం నుంచి తొలగిపోయింది. స్టాక్‌హోం పిల్లలు అబద్ధం ఒప్పుకొని అప్పటికి వంద సంవత్సరాలు దాటింది.