వేసవి సెలవులకు ఎండిపోని పూలమొక్కలు

ఏటా హాస్టల్లో మొక్కలు నాటుతాము. ఏప్రిల్‌లో అందరం ఇళ్లకు వెళ్తే నీళ్లు పోసేవారుండరు. జూన్‌లో వచ్చేసరికి సగం ఎండిపోయి ఉంటాయి. అందుకే ఏ మొక్క నిలుస్తుందో చూసుకుని నాటాలి.

మేము ముందు గులాబీలు పెట్టాము. నర్సరీలో అమ్మే గులాబీ సాధారణంగా అంటుమొక్క. అడవి గులాబీ కాండానికి మంచి రకం మొగ్గను అతికిస్తారు. అతుకు కింద నుంచి వచ్చే చిగుళ్లను తుంచకపోతే అవే బలిసి, పైన పూసే మొక్క క్షీణిస్తుంది. మాకిది తెలియక, గుబురుగా పెరుగుతోందని సంబరపడ్డాము!

నందివర్ధనం, మందారాలకు ఇంత శ్రమ లేదు. వానాకాలంలో పెన్సిల్ లావు కొమ్మ గుచ్చితే వేళ్లు వేస్తుంది. స్నానాల నీళ్లు పారే కాలువ పక్కన నాటాలి. సెలవులకు వెళ్లేముందు మొదట్లో ఎండుటాకులు మందంగా పరిస్తే తేమ నిలుస్తుంది. మల్లెకు చలికాలంలో నీళ్లు తగ్గించి, కొమ్మలు కత్తిరిస్తే ఎండలు ముదిరేలోగా మొగ్గ తొడుగుతుంది.

పచ్చగన్నేరు మాత్రం వద్దు. నీళ్లు లేకపోయినా పూస్తుంది, నిజమే. కాని దాని పప్పు గుండెను దెబ్బతీసే విషం. ఎర్రగన్నేరూ విషమే. మూడు, నాలుగు తరగతుల తమ్ముళ్లు కాయలు ఏరుకుని ఆడతారు. మా గేటు పక్కనున్న పచ్చగన్నేరును వేళ్లతో సహా తవ్వేసి, ఆ గుంటలోనే వేపమొక్క పెట్టాము.